గ్లిజరిన్‌కు గిరాకీ తెచ్చే ద్రవ ఉప్పు

చలికాలం పెదాలు పగిలితే గ్లిజరిన్ రాసుకుంటం గదా? రసాయనశాస్త్రంల దాన్నే గ్లిజరాల్ అంటరు. కానుగ నూనెతోనో, హోటళ్లల్ల వాడి పారబోసే నూనెతోనో బయోడీజిల్ తీస్తే, 100 కిలోలకు దగ్గరదగ్గర 10 కిలోల గ్లిజరాల్ కూడ వస్తది. కానీ అది మందుల షాపుల దొరికేటంత సాఫుగ ఉండది. మిథనాల్, సబ్బు, ఉప్పులు, నీళ్లు అన్నీ కలిసే ఉంటయి. 2030 నాటికి డీజిల్‌ల 5 శాతం బయోడీజిల్ కలపాలని కేంద్ర సర్కారు లక్ష్యం పెట్టుకున్నది. మరి గంత గ్లిజరాల్‌ను ఏం చేద్దాం?

అసిటోన్‌తోని కలిపితే అది సోల్కెటాల్ అయితది. దాన్ని ఇంధనంల కలపొచ్చు. ఈ మార్పు జల్దిన కావాలంటే ఉత్ప్రేరకం కావాలె. అంటే తాను ఖర్చు కాకుంట పని నడిపించేది. పాత పద్ధతిల సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తరు. అది పైపులను తింటది. పని అయినంక క్షారం కలిపి దాని ఘాటు తియ్యాలె. ఆఖరుకు ఉప్పునీళ్లు మిగులుతయి.

ఇక్కడనే అయానిక్ లిక్విడ్ పనికొస్తది. ఇది కూడ ఉప్పే, కానీ ద్రవం. మనింట్ల ఉప్పు నెయ్యి లెక్క కరగాలంటే 801 డిగ్రీల వేడి కావాలె. దాంట్ల అయాన్లు చిన్నగ ఉండి, ఒకదాన్నొకటి గట్టిగ పట్టుకుంటయి. అయానిక్ లిక్విడ్‌ల అయాన్లు పెద్దగ, వంకరటింకరగ ఉంటయి. వరుసగ పేర్చుకోలేవు. అందుకే 100 డిగ్రీల లోపే కరుగుతయి. 12 డిగ్రీలకే కరిగే అసుంటి ఉప్పు గురించి పాల్ వాల్డెన్ అనే శాస్త్రవేత్త 1914లనే చెప్పిండు.

ఈ అయాన్‌కు యాసిడ్ గుణమున్న తోక తగిలిస్తే సల్ఫ్యూరిక్ యాసిడ్ చేసే పనే చేస్తది. ఆవిరై గాలిల కలిసుడు దాదాపు ఉండది. తయారైన సరుకును ఆవిరి పట్టి వేరు చేస్తే, ద్రవ ఉప్పు అడుగున మిగులుతది. మళ్ల వాడుకోవచ్చు.

గిట్లని దీన్ని ‘గ్రీన్’ అని గుడ్డిగ నమ్మొద్దు. ధర ఎక్కువ. గ్లిజరాల్‌ల మిగిలిన క్షారం దీని బలం తీస్తది. కొన్ని రకాలు నీళ్లల్ల కలిస్తే చేపలకు విషం, తొందరగ కుళ్లిపోవు. కోళ్ల దాణాల కలిపే కోలిన్‌తోని చేసే రకాలు సాధారణంగ చవుక, విషం తక్కువ.

ఫ్యాక్టరీ నీళ్లు పటాన్‌చెరు దిక్కు నక్కవాగును ఏం చేసినయో మనం చూసినం. అందుకే రేపు మీ ఊరి పక్కన ‘గ్రీన్’ బోర్డు పెట్టి ఫ్యాక్టరీ వస్తే రెండే ముచ్చట్లు అడుగుండ్రి: ఆ ద్రవాన్ని ఎన్నిసార్లు తిరిగి వాడుతరు? ఆఖరుకు యాడ పోస్తరు?