అంకెల చదువుకు దొరికిన కొలువు

గుణదల: ఏలూరు కాలువ దరిన పొద్దున్నే బస్సు కోసం నిలబడే పిల్లల మాటల్లో ఇప్పుడు ఒక కొత్త చదువు పేరు వినబడుతున్నది. అది డేటా సైన్సు. లెక్కలో, స్టాటిస్టిక్సో, కంప్యూటర్సో తీసుకుని బి.ఎస్సీ. ముగించినవారు రెండేళ్ల యం.ఎస్సీ.కి దీనివైపు మొగ్గుతున్నారు. కంపెనీవారు వచ్చి ఎంపిక చేసుకున్నారంటే కాలేజి గేటు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది. ఫొటో కింద పేరు, పేరు కింద జీతం అంకె.

ఊళ్లో వున్న తల్లిదండ్రుల సంతోషానికి హద్దు వుండదు. వుండవలసిన అవసరమూ లేదు. పొలం మీద వచ్చిన కౌలో, ఇంట్లో వున్న గొలుసో ఫీజు కింద మారిపోయినప్పుడు ఆ ఫ్లెక్సీ పంట చేతికి వచ్చినట్టే. అయితే రచ్చబండ దగ్గర ఎవరైనా "మీవాడు అక్కడ చేసే పనేమిటి?" అని అడిగితే చాలామంది దగ్గర జవాబు వుండదు. "కంప్యూటరు పని" అని సరిపెడతారు. నిజానికి ఆ పని మన పల్లెలకు బొత్తిగా తెలియనిదేమీ కాదు.

పంట కోతలో వున్న పాఠం

వరి కోతల వేళ సిబ్బంది వచ్చి ఒక చేలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మేర కొలిచి, ఆ మేరకు కోయించి, నూర్పించి, గింజలు తూకం వేయడం రైతులు చూసినదే. ఏ చేను, అందులో ఏ మూల అన్నది వచ్చినవారి ఇష్టం కాదు. చీటీ తీసినట్టు ముందే నిర్ణయమైపోతుంది. ఏపైన చేలనే ఏరుకుంటే దిగుబడి ఎక్కువ కనబడుతుంది. పడిపోయిన చేలనే ఏరుకుంటే తక్కువ కనబడుతుంది. ఏ పక్షానికీ మొగ్గకుండా తీసిన కొద్దిపాటి తూకాల నుంచి ఆ ప్రాంతమంతటి దిగుబడిని అంచనా కడతారు. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో పరిహారం లెక్కలకు ఈ కోతలు ముఖ్య ఆధారం.

కొంచెం చూసి మొత్తం తెలుసుకోవడం, తప్పు ఎంతవరకు రావచ్చునో కూడా ముందే చెప్పడం — స్టాటిస్టిక్సు అంటే ఇదే. దానికి కంప్యూటరు తోడై, కోట్ల అంకెలను ఒక్కసారిగా జల్లెడ పట్టడం నేర్పేది డేటా సైన్సు. ఏ అప్పు వసూలవుతుంది, ఏ మందు ఎవరికి పనిచేస్తుంది, ఏ సరుకు ఎక్కడ అమ్ముడవుతుంది అన్న ప్రశ్నలకు కంపెనీలు ఈ పిల్లల చేత జవాబులు వెతికిస్తున్నాయి.

మన ప్రాంతానికీ ఈ చదువు అక్కర వున్నది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగాయి. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువన ఇంత వాన కురిస్తే ఎన్ని గంటల్లో ఏ వీధికి ఎంత నీరు వస్తుందో ముందుగా అంచనా కట్టడం కూడా అంకెల పనే.

నూజివీడు, నందిగామల్లో చదివిన బాలుడు

ఈ శాస్త్రానికి ప్రపంచంలోనే పెద్దదిక్కుగా నిలిచిన వారిలో ఒకరు మన బళ్లలో చదువుకున్నారన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచమంతా సి.ఆర్. రావుగా పిలిచింది. 1920లో హూవినహడగలిలో పుట్టారు. పదిమంది సంతానంలో ఎనిమిదోవారు కనుక కృష్ణుని పేరు పెట్టారు. తండ్రి పోలీసు ఉద్యోగి. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం — ఇలా ఊరు మారుతూ ఆయన చదువు సాగింది. తెల్లవారుజామున 4 గంటలకే తల్లి లక్ష్మీకాంతమ్మ లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని ఆయన తరువాతి కాలంలో కృతజ్ఞతతో రాసుకున్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో యం.ఏ. ప్రథమ శ్రేణిలో ముగించినా వెంటనే కొలువు దొరకలేదు. యుద్ధకాలం. సైనిక సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. అది రాలేదు. కాని అక్కడే భారత గణాంక సంస్థ గురించి తెలిసింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలో 1941లో శిక్షణకు చేరారు. అదే సంవత్సరం కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్సులో యం.ఏ. తెరిచింది. ఆ మొదటి జట్టులో చేరి 1943లో ప్రథముడిగా నిలిచారు.

తరువాత క్లాసులో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి ప్రశ్న వేశాడు. చాలా ఎక్కువ అంకెలు చేతిలో వున్నప్పుడు నిలిచే సూత్రం కొద్ది అంకెలకూ నిలుస్తుందా అని. రావు ఆ రాత్రి కూర్చుని జవాబు సాధించారు. అంచనా ఎంత బాగా కట్టినా తప్పు ఒక మేర కంటే తగ్గదని తేల్చిన ఆ ఫలితం 1945లో అచ్చయింది. దాన్ని ఇప్పుడు క్రామర్-రావు సూత్రం అంటారు. డేటా సైన్సు చదివేవారు నేటికీ దాన్ని నేర్చుకుంటున్నారు.

ఎముకలు కొలిచే ఉద్యోగం

1946లో ఆయనను కేంబ్రిడ్జి పంపించారు. అక్కడి మ్యూజియంలో, సూడాన్ దేశపు జెబెల్ మోయాలో తవ్వి తీసిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాలి. ఈ రోజుల్లో ఫ్లెక్సీ మీదకు ఎక్కే ఉద్యోగం కాదది. ఆ పని చేస్తూనే రొనాల్డ్ ఫిషర్ వద్ద పరిశోధన సాగించి 1948లో డాక్టరేటు పొందారు. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్సు బహుమతి వరించాయి. 2023 ఆగస్టులో 102 ఏళ్ల వయసులో అమెరికాలో కన్నుమూశారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఒక పరిశోధన సంస్థ వున్నది.

తల్లిదండ్రులు అడగవలసినవి

ఇప్పటి పిల్లలకు దారులు పెరిగాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ 2018లో డేటా సైన్సు యం.ఎస్సీ. ప్రారంభించింది. రావుగారు చదివిన గణాంక సంస్థ ట్యూషన్ ఫీజు లేకుండా, పైగా ఉపకార వేతనం ఇచ్చి యం.స్టాట్. చదివిస్తూ వచ్చింది. ప్రవేశ పరీక్షకు లెక్కలు గట్టిగా వస్తే చాలు. బీదరికం అడ్డు కాదు.

దగ్గరి కాలేజిలో చేర్చదలచినవారు మాత్రం ఫ్లెక్సీ చూసి తొందరపడకూడదు. ఎంతమంది చదివితే ఎంతమంది ఉద్యోగంలో చేరారో అడగాలి. అందరికంటే పెద్ద జీతం కాదు, అందరినీ జీతాల వరసలో నిలబెడితే నడుమ వున్నవాడి జీతం ఎంతో అడగాలి. ఆఖరి సెమిస్టరులో కంపెనీ పని నిజంగా నేర్పుతారా, అది ఉద్యోగమా, కొన్ని నెలల శిక్షణా, మధ్యలో మానితే డబ్బు కట్టాలన్న బాండు వున్నదా అన్నవి రాతపూర్వకంగా చూసుకోవాలి. ముందుగా డబ్బు కడితే కొలువు ఇప్పిస్తామనేవారి మాట అసలు నమ్మరాదు. పనికి తీసుకునే మంచి కంపెనీ మన దగ్గర డబ్బు పుచ్చుకోదు.

కంపెనీ పిలుపు అందుకున్న ప్రతి పిల్లా, పిల్లవాడూ అభినందనకు అర్హులే. పిలుపు ఇంకా రానివారు కుంగిపోనక్కరలేదు. కలకత్తాలో రావుగారికి మొదటి ఉద్యోగం దక్కలేదు గనుకనే గణాంక సంస్థ గడప తొక్కారు. ఊళ్లోని పెద్దలు ఈసారి "జీతమెంత?" అన్న తరువాత "పనేమిటి?" అని కూడా అడగాలి. బిడ్డ చేత చెప్పించుకుని అర్థం చేసుకుంటే, ఫీజు కింద పోయిన కౌలు డబ్బుకు ఆ ఇంటికి దక్కే మొదటి ఫలం అదే.