బర్మా ఆంధ్రులు – వలస శాసనములు

1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మన ఆదవాని, ఎమ్మిగనూరు వాసులు ఇల్లు కదలకయే రాష్ట్రము మారిరి. మదరాసు పోయి ఆంధ్రము వచ్చెను. బళ్లారి జిల్లా పోయి కర్నూలు జిల్లా వచ్చెను. ఎవరును మన పత్రముల నడుగలేదు. ఏలయన, సరిహద్దున కిరుప్రక్కల నున్నవారు ఒకే దేశపు పౌరులు. నేటికిని మిరపకాయ కోతలకై గుంటూరు సీమకు పోవు మన కూలీలను అనుమతి చూపుమనువారు లేరు; రాజ్యాంగమునందలి 19వ అధికరణము ఆ స్వేచ్ఛను కాపాడుచున్నది. బర్మాలోని ఆంధ్రులకును ఒకప్పు డిట్టి స్వేచ్ఛయే యుండెను. అది యెట్లు పోయెనో తెలిసికొనదగియున్నది.

1886 మొదలు బర్మా బ్రిటిషు ఇండియాలో నొక రాష్ట్రము. కాకినాడలోనో విశాఖపట్టణములోనో ఓడ యెక్కి రంగూనున దిగుటకు పాసుపోర్టు అక్కరలేకుండెను. కోరంగి రేవు పేరునుబట్టి తెలుగు కూలీలను అచ్చట ‘కోరంగీలు’ అనెడివారు. ఓడల సరకు దించుట, బియ్యపు మిల్లులలో బస్తాలు మోయుట, రిక్షాలు లాగుట వారి పనులు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనులలో సగమునకు మించి భారతీయులే. స్థానికులకు కష్టము తోచుటలో వింత లేదు. 1930 మే నెలలో రేవుపనికై బర్మీయులకును తెలుగువారికిని ఘోర కలహము జరిగెను. ఒక పక్షమునే నిందించుట న్యాయము కాదు. చవుక కూలిని వెదకిన యజమానులను జనులు మరచుచుందురు.

1937 ఏప్రిలు 1న బర్మా వేరు పడెను. రంగూనులోని కూలి ఉన్నచోటనే యుండి పరదేశి యయ్యెను. 1941 జూలైలో, ఊ సా ప్రధానిగా నున్నప్పుడు, అనుమతిపత్రము లేక భారతీయులు రాగూడదని ఇరు ప్రభుత్వములును ఒడంబడిక చేసికొనెను. గాంధీగారు దానిని ఖండించిరి. అది పూర్తిగా అమలగుటకు ముందే జపాను సేనలు వచ్చినవి. 1942లో లక్షలమంది అడవులు కొండలు దాటి, అనేకులు కాలినడకనే, స్వదేశము చేరిరి. త్రోవలో మరణించినవారు వేలు.

ఇక ముఖ్యమైన సంగతి. 1948లో స్వతంత్ర బర్మా చేసిన పౌరసత్వ శాసనము అంత కఠినమైనది కాదు. పదియేండ్లలో ఎనిమిదేండ్లు అచ్చట నివసించి, స్థిరపడ నిశ్చయించిన భారతీయుడు అర్జీ పెట్టుకొనవచ్చును. కాని చదువురాని కూలీలు అనేకులు అర్జీయే పెట్టలేదు. పెట్టినవారిలో ననేకులకు ఏండ్లు గడచినను జవాబు రాలేదు. ఊ నూ కాలమున ఆ ఆలస్యము చికాకు మాత్రమే. 1962 మార్చి 2న సేనాపతి నే విన్ అధికారమును గైకొనగానే అదియే ప్రమాదమయ్యెను. శాసనము 1948 నాటిదే, అమలుపరచువారు మారిరి. 1964లో దుకాణములు జాతీయము చేయబడెను. ఆ మే నెలలోనే 50, 100 చాట్ల నోట్లు చెల్లవనిరి. బ్రదుకుతెరువు పోయినవారు, పౌరసత్వపత్రము లేనివారు, కూడబెట్టినదంతయు విడిచి ఓడలెక్కిరి. పొమ్మని శాసించు చట్టముతో పనియే లేకపోయెను. విశాఖపట్టణమునందలి ‘బర్మా క్యాంపు’ అట్లు తిరిగి వచ్చినవారి పేటయే. 1948 శాసనమును రద్దుచేసి దాని స్థానమున క్రొత్త శాసనము చేయుట 1982లోగాని జరుగలేదు. అప్పుడు ప్రధానముగా 1823కు ముందునుండి స్థిరపడిన జాతులవారికి సంపూర్ణ పౌరసత్వమును విధించిరి.

ఇది సేనాధిపతుల రాజ్యములందే జరుగునని తలంపరాదు. అమెరికాలో హెచ్-1బి ఉద్యోగుల భార్యలకు, లేక భర్తలకు, కొందరికి పనిచేయు అనుమతిని ఒబామా ప్రభుత్వము 2015లో నొసగెను. ట్రంపు ప్రభుత్వము దానిని తొలగింపబూనెను. బైడెను ప్రభుత్వము 2021లో ఆ యత్నమును విరమించెను. 2025 సెప్టెంబరులో మరల ట్రంపుగారు ప్రకటనమాత్రముచే క్రొత్త హెచ్-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధించిరి. ఈ మార్పులలో నొకదానికైనను అచ్చటి కాంగ్రెసు క్రొత్త చట్టము చేయలేదు. పొలము తాకట్టుపెట్టి బిడ్డను పంపు తండ్రి, చట్టమేది, ఉత్తరువేది యని విచారించుట మంచిది. మొదటిదానిని మార్చుటకు సభ కావలెను, రెండవదానికి ఒక్క సంతకము చాలును.