ఆయిలింజనుకు ఆయిలు మార్చుకుందాం

చేను పొట్ట మీద ఉంది. కాలువలో నీళ్ళు అడుగంటాయి. మురుగు కాలువలోంచి రెండు తడులు తోడితే పంట చేతికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంజను ఆగిపోయింది. హ్యాండిలు తిప్పితే తిరగదు. ఇద్దరు మగవాళ్ళు పట్టుకుని లాగినా కదలదు.

మెకానిక్కు వచ్చి చూశాడు. "ఇంజను పట్టేసిందమ్మా. ఆయిలు ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు.

ఆ ఇల్లాలు భర్త వైపు చూసింది. భర్త కొడుకు వైపు చూశాడు. ఎవరికీ గుర్తు లేదు.

ఇలాంటిది మీ ఊళ్ళోనూ జరిగే ఉంటుంది. ఇంజను విప్పాలి. సామాను కోసం టౌనుకు పోవాలి. మళ్ళీ బిగించాలి. చేను అన్నాళ్ళు ఆగుతుందా?

ఇప్పుడు చాలా ఊళ్ళలో కరెంటు మోటార్లే వాడుతున్నారు. అయినా కాలువ చివరి భూముల్లో, లంక పొలాల్లో, కరెంటు స్తంభం లేని చోట ఆయిలింజనే దిక్కు. దానికి ఆయిలు మార్చడం మెకానిక్కు పని అనుకుంటాం. కాదు. ఒక గంటలో మనమే చెయ్యవచ్చు. ఒక పానా, ఒక బేసిను, ఒక గరాటా, నాలుగు పాత గుడ్డలు ఉంటే చాలు. ఇంకొకటి కూడా కావాలి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు. అవెందుకో కాసేపట్లో చెబుతాను.

డీజిలు వేరు, ఇంజనాయిలు వేరు

డీజిలు ఇంజనులో మండిపోతుంది. అయిపోతే మళ్ళీ పోస్తాం. ఇంజనాయిలు మండడానికి కాదు. ఇంజను అడుగున తొట్టిలో ఉంటుంది. లోపలి ఇనుప భాగాల మధ్యకు పోయి, మళ్ళీ తొట్టిలోకి దిగుతుంది. ఎద్దుల బండి ఇరుసుకు కందెన ఎలాగో ఇంజనుకు ఈ ఆయిలు అలాగ. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అంటారు కదా! ఇంజను అంత సంగీతం కూడా వినిపించదు. ఒక్కసారే పట్టేస్తుంది.

మీ ఇంజను మీద ఒక చిన్న రేకు ఉంటుంది. మట్టి తుడిచి చదవండి. చాలా ఇంజన్ల మీద 1500 అనే అంకె కనిపిస్తుంది. నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుందని అర్థం. అంటే సెకనుకు 25 చుట్లు. మనం "ఒకటి" అనేలోగా లోపల పిస్టను పాతిక సార్లు పైకి పోయి కిందికి వస్తుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య ఉండేది పల్చటి ఆయిలు పొర ఒక్కటే. ఆ పొర చిరిగితే రెండూ రాసుకుంటాయి. వేడెక్కి అతుక్కుపోతాయి.

ఇంకో చిత్రం చెప్పాలి. ఈ ఇంజనును కనిపెట్టినవాడు రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన. ఆయన పేరే ఇంజనుకూ, డీజిలుకూ వచ్చింది. 1900లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఇలాంటి ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అది విని మన ఇంజనులో వంటనూనె పోయకండి. పాడైపోతుంది.

నల్లబడితే మార్చాలా?

"నల్లబడితే మార్చండమ్మా" అని కొందరు చెప్తారు. ఇది సరైన మాట కాదు. డీజిలు ఇంజనులో కొత్త ఆయిలు పోసిన కొద్ది గంటలకే నల్లబడుతుంది. లోపలి మసిని కడిగి తనలో కలుపుకుంటుంది కాబట్టి నలుపు. అంటే అది తన పని తాను చేస్తోందన్న మాట. మరి రంగు చూసి కాకపోతే ఎలా తెలుస్తుంది?

గంటలు లెక్క పెట్టాలి. మోటారు సైకిలుకు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే మీటరు ఉంటుంది. మన ఆయిలింజనుకు సాధారణంగా ఏ మీటరూ ఉండదు. అది ఎన్ని గంటలు ఆడిందో మనం రాసుకుంటేనే తెలుస్తుంది. అందుకే నోటు పుస్తకం.

రోజూ ఇలా రాయండి: తేదీ, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, మొత్తం గంటలు. పక్కనే పాత మొత్తానికి ఈ రోజు గంటలు కలిపి రాయండి. చాలా ఇంజన్లకు 250 గంటలకు ఒకసారి ఆయిలు మార్చమంటారు. మీ ఇంజను కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే ఆ అంకే లెక్క. రోజుకు 5 గంటలు ఆడితే 50 రోజులకే 250 గంటలు నిండుతాయి. చూశారా, ఒక్క పంట కాలంలోనే! కొత్త ఇంజనుకు మొదటిసారి ఇంకా ముందే మార్చాలి.

ఇంజను అద్దెకు ఇచ్చేవాళ్ళకు ఈ పుస్తకం ఇంకా అక్కరకొస్తుంది. ఎవరి చేలో ఎన్ని గంటలు ఆడిందో తగాదా ఉండదు.

డబ్బా మీద ఏముంది?

కొట్లో "ఇంజనాయిలు ఇవ్వు" అని ఊరుకోకండి. డబ్బా చేతిలోకి తీసుకుని చదవండి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు వచ్చు కదా. 20డబ్ల్యూ-40 అనో, 15డబ్ల్యూ-40 అనో, ఉత్త 40 అనో ఉంటుంది. అది ఆయిలు చిక్కదనం. ఇంజను పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే కొనండి.

ఇంకో గుర్తు ఉంది. ఏ.పీ.ఐ. అన్న మాట పక్కన రెండు మూడు అక్షరాలు ఉంటాయి. డీజిలు ఇంజన్ల ఆయిలుకు మొదటి అక్షరం ఇంగ్లీషు సీ. కుడి పక్క తెరిచిన సున్నాలా ఉంటుంది. పెట్రోలు ఇంజన్ల ఆయిలుకు ఎస్. అది మెలి తిరిగిన పాములా ఉంటుంది. కొన్ని డబ్బాల మీద రెండూ ఉంటాయి. మనకు సీ ఉండాలి.

మూత సీలు ఊడి ఉంటే తీసుకోవద్దు. తయారైన తేదీ, ధర చూసుకోండి. రసీదు అడగండి. కల్తీ ఆయిలుకు ఇంజను బలైతే రసీదు లేకుండా ఎవరిని అడుగుతాం?

ఇక పని మొదలుపెడదాం

ముందు కొంగు నడుముకు బిగించండి. జడ ముడి వేసుకోండి. గాజులు పైకి తోసుకోండి. ఇది చాదస్తం కాదు. తిరిగే బెల్టు కొంగును పట్టుకుంటే మనిషినే లాగేస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఇంజనును పది నిమిషాలు ఆడించండి. ఆయిలు వేడెక్కి పల్చబడుతుంది. అడుగున పేరుకున్న మసి కూడా దానితో పాటు దిగుతుంది. మూసిన పాకలో మాత్రం ఆడించకండి. ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. ప్రాణం పోతుంది. హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ళ పక్కనే ఉంచండి. హ్యాండిలు వెనక్కి తన్నితే బొటనవేలు విరగకుండా ఉంటుంది.

ఇంజను ఆపండి. పూర్తిగా ఆగాక కాసేపు ఉండండి. ఆయిలు గోరువెచ్చగా ఉండాలి గానీ చెయ్యి కాలేలా ఉండకూడదు. ఇంజను అడుగున బోల్టు లాంటి బిరడా ఉంటుంది. కింద బేసిను పెట్టి, పానాతో బిరడా వదులు చేసి, చేత్తో తియ్యండి. ఆయిలు ధారగా వస్తుంది. ధార చుక్కలయ్యేదాకా ఆగండి. తొందర పడితే పాత మురికి లోపలే ఉండిపోతుంది.

బిరడాకు ఉన్న వాషరు చూడండి. నలిగిపోతే కొత్తది వెయ్యండి. బిరడాను ముందు చేత్తోనే తిప్పండి. సాఫీగా ఎక్కితేనే పానా పట్టండి. అడ్డంగా ఎక్కిస్తే మరలు పోతాయి. మరీ బిగించినా పోతాయి. ఫిల్టరు ఉన్న ఇంజనైతే అది కూడా ఇప్పుడే మార్చాలి. గాలి పీల్చే డబ్బా అడుగున కూడా కొన్ని ఇంజన్లకు కొంచెం ఆయిలు ఉంటుంది. పొలం దుమ్మంతా అందులోనే ఆగుతుంది. ఆ గిన్నె విప్పి, డీజిలుతో కడిగి, గీత దాకా కొత్త ఆయిలు పోసి బిగించండి.

ఇప్పుడు గరాటా పెట్టి కొత్త ఆయిలు పొయ్యండి. 5 హార్సుపవర్ డీజిలు ఇంజనుకు చాలావరకు మూడు, నాలుగు లీటర్ల మధ్య పడుతుంది. మొత్తం ఒక్కసారే గుమ్మరించకండి. కొంచెం మిగిల్చి, ఆయిలు చూసే కడ్డీ తీసి గుడ్డతో తుడవండి. మళ్ళీ ముంచి తియ్యండి. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. తడి ఆ రెంటి మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. పై గీత దాటకూడదు. ఎక్కువైనా నష్టమే.

రెండు నిమిషాలు ఆడించి, ఆపి, కడ్డీ మళ్ళీ చూడండి. బిరడా దగ్గర కారుతోందేమో చూడండి. ఆ తర్వాత కూడా రోజూ ఇంజను వేసే ముందు కడ్డీ చూడాలి. అర నిమిషం పని.

పాత ఆయిలు చెప్పే కబుర్లు

బేసినులోని ఆయిలును ఎండలో పెట్టి చూడండి. ఉత్త నలుపైతే భయం లేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు చేరుతున్నాయి. బాగా పల్చబడి డీజిలు వాసన వేస్తుంటే డీజిలు కారుతోంది. కడ్డీ మీద ఆయిలు తగ్గకుండా పెరుగుతుంటే ఈ రెంటిలో ఏదో ఒకటి. మిలమిలా మెరిసే రజను కనిపిస్తే లోపల ఇనుము అరుగుతోంది. ఈ మూడింటికీ మెకానిక్కును పిలవాల్సిందే. అప్పుడు మీరే ఆయనకు చెప్పవచ్చు: "బాబూ, ఇన్ని గంటలు ఆడింది. ఆయిలులో నీళ్ళు కలిశాయి. ఎక్కడినుంచో చూడు."

ఈ నల్ల ఆయిలును పశువుల పుళ్ళకు రాసేవాళ్ళున్నారు. రాయవద్దు. ఇందులో విషాలు ఉంటాయి. పశువు నాకితే కడుపులోకి పోతాయి. మన చర్మానికీ మంచిది కాదు. మాటిమాటికీ అంటితే చర్మం పాడవుతుంది, క్యాన్సరు కూడా రావచ్చు. చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి. కాలువలో, బావి పక్కన పారబోయకండి. నీటి మీద తెట్టెలా పరుచుకుంటుంది. ఆ నీరే మన బిందెలోకి వస్తుంది. పొయ్యిలో కూడా వెయ్యకండి.

మూత ఉన్న డబ్బాలో పోసి దాచండి. దాని మీద "పాత ఆయిలు" అని పెద్ద అక్షరాలతో రాయండి. టౌనుకు పోయేటప్పుడు పాత ఆయిలు తీసుకునే మెకానిక్కు షెడ్డులో ఇవ్వండి. దాన్ని శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. కొత్త ఆయిలు వచ్చిన ఖాళీ డబ్బాను మాత్రం కత్తితో కోసెయ్యండి. లేకపోతే అదే డబ్బాలో కల్తీ ఆయిలు నింపి మళ్ళీ మనకే అమ్ముతారు.

పని అయ్యాక పుస్తకం తియ్యండి. కొత్త పేజీలో ఈ రోజు తేదీ, ఎన్ని లీటర్లు పోశారో రాయండి. గంటలు మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి.