కండరాల నొప్పులు: తైలం ఎప్పుడు, కాపడం ఎప్పుడు?

"ఒళ్లంతా పచ్చిపుండులా ఉందండీ, ఎక్కడ ముట్టుకున్నా నొప్పే" అంటూ నా వద్దకు వచ్చేవారు నానాటికీ ఎక్కువవుతున్నారు. పిక్కలు పీకడం, మెడ, భుజాలు పట్టేయడం, నడుము కండలు బిగుసుకుపోవడం వీరి ప్రధాన బాధలు. శ్రమ వలన కలిగిన నొప్పి కొద్ది రోజుల విశ్రాంతితో శమిస్తుంది. మూడు మాసాలు దాటినా వదలని నొప్పికి మాత్రం మూలం వెదకవలసిందే.

ఇటువంటివారిలో చాలామంది నన్ను కలిసే నాటికే నాలుగైదు రకాల నూనెలు మర్దించి ఉంటారు. కొందరికి గుణం కనిపిస్తుంది, మరికొందరికి అదే నూనెతో బాధ పెరుగుతుంది. ఈ భేదానికి కారణాన్ని నేను గురుకుల వాసంలో, నా పొరపాటు వలననే గ్రహించాను.

ఒక వర్షాకాలంలో గురువుగారు ఊళ్లో లేని సమయాన ఒక రైతు వచ్చాడు. నడుము, తొడలు నొప్పి, ఒళ్లు బరువు, ఆకలి లేదు. వాతమే కదా అని నేను మహానారాయణ తైలంతో మర్దన చేయించాను. మూడవ నాటికి అతడు మంచం దిగలేకపోయాడు. గురువుగారు తిరిగివచ్చి అతని నాలుకపై మందంగా పేరుకున్న తెల్లని పూతను నాకు చూపించారు. "పూడిపోయిన కాలువలోకి ఇంకా నీరు వదిలితే గట్టు తెగుతుందే గాని పొలం తడవదు. ముందు పూడిక తీయవయ్యా" అన్నారు. తైలం మాన్పించి, లఘువైన ఆహారం, శొంఠి కషాయం, ఇసుక కాపడం చేయించారు. వారం తిరిగేసరికి రైతు తన కాళ్లపై తాను నడిచి వెళ్లాడు.

రెండు విధాల వాతం

చరక సంహిత చికిత్సాస్థానంలోని 28వ అధ్యాయం వాతవ్యాధులకు సంబంధించినది. వాతం ప్రకోపించడానికి అది రెండు కారణాలు చెబుతుంది: ధాతువులు క్షీణించడం, మార్గం మూసుకుపోవడం. చికిత్స అంతా ఈ విభజన మీదనే ఆధారపడి ఉంది.

ఒళ్లు బరువు, అరుచి, మలబద్ధకం, నాలుకపై పూత, ఉదయం లేవగానే బిగువు, మబ్బు పట్టిన రోజున బాధ పెరగడం సామవాత లక్షణాలు. అంటే జీర్ణం కాని ఆమం మార్గాలను అడ్డుకున్నదని అర్థం. ఆకలి బాగానే ఉండి, శరీరం చిక్కి, చర్మం పొడిబారి, శ్రమ చేసినపుడు నొప్పి పెరిగి, పిసికితే హాయిగా ఉంటే అది నిరామవాతం.

సామవాతంలో చేయవలసినవి

అర చెంచా శొంఠి పొడిని రెండు గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు మరిగించి, గోరువెచ్చగా రోజులో రెండు మూడు పర్యాయాలుగా త్రాగాలి. కడుపులో మంట ఉన్నవారు ఇది మానాలి.

శుభ్రమైన ఇసుకను మూకుడులో వేయించి, మందపాటి గుడ్డలో మూటకట్టి, నొప్పి ఉన్నచోట పది, పదిహేను నిమిషాలు కాపడం పెట్టాలి. ముందుగా మీ ముంజేతిపై వేడి చూసుకోండి. మధుమేహం వలన స్పర్శ తగ్గినవారికి కాపడం పెట్టరాదు.

పెసరకట్టు, ఉలవచారు, పాత బియ్యపు అన్నం, బీర, పొట్ల కూరలు పథ్యం. పెరుగు, గారెలు, చల్లని పానీయాలు, పగటి నిద్ర కూడవు. రాస్నాసప్తక కషాయం, యోగరాజ గుగ్గులు వంటివి వైద్యుని సలహాతోనే వాడాలి.

నిరామవాతంలో తైలం

ఇక్కడ తైలమే ప్రధానం. వావిలాకు తైలాన్ని ఇంట్లోనే కాచుకోవచ్చు. పావు లీటరు నువ్వుల నూనెకు ఒక లీటరు వావిలాకు రసం, 60 గ్రాముల వావిలాకు ముద్ద చేర్చి సన్నని సెగపై కాచాలి. ముద్ద వేళ్లతో వత్తిలా చుట్టడానికి వచ్చి, దానిని నిప్పుపై వేస్తే చిటపటలాడకుండా ఉన్నపుడు దించి వడకట్టాలి. తడి మిగిలితే తైలం త్వరగా చెడుతుంది.

ఈ తైలాన్ని గోరువెచ్చగా చేసి అరగంట మృదువుగా మర్దించి, కొంతసేపటి తరువాత వేడినీటి స్నానం చేయాలి. భోజనం చేసిన వెంటనే, జ్వరం ఉన్నపుడు మర్దన తగదు. ఆహారంలో పాలు, నెయ్యి, నువ్వులు మితంగా ఉండాలి. నొప్పి ఉన్నదని రోజంతా పడుకుంటే కండలు మరింత బిగుస్తాయి. సగం బలం మాత్రమే వినియోగిస్తూ, నుదుట చిరుచెమట పట్టేవరకు నడవడం మేలు.

పేరులేని పొడులతో జాగ్రత్త

ఒక గృహిణి రెండు సంవత్సరాలు ఎవరో ఇచ్చిన "వనమూలికల పొడి" వాడి నా వద్దకు వచ్చారు. మింగిన గంటకే నొప్పి మాయమయ్యేదట. ముఖం ఉబ్బి, రక్తంలో చక్కెర పెరిగి, చర్మం కమిలి ఉండటం చూసి నేను ఆమెను ఆధునిక వైద్యుని వద్దకు పంపాను. పొడిలో స్టెరాయిడ్ కలిసిందని తేలింది. మూలిక ఏదీ గంటలో అంతటి అద్భుతం చేయదు. ఇటువంటిది వాడుతున్నవారు హఠాత్తుగా మానినా ప్రాణాపాయమే. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి.

పరీక్ష ఎవరికి అవసరం?

థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం, కొలెస్టరాల్‌కు వాడే స్టాటిన్ మాత్రలు కూడా కండరాల నొప్పికి కారణం కావచ్చు. రక్తపరీక్ష చేయించుకోవడం ఆయుర్వేదానికి విరుద్ధం కాదు, మాత్రలను స్వయంగా మానడమే తప్పు. నొప్పితో పాటు మూత్రం ముదురు రంగులో రావడం, చేతులు ఎత్తలేనంత బలహీనత, జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీ నుండి ఎడమ చేతికి ప్రాకే నొప్పికి నూనె రాస్తూ కాలయాపన చేయకండి.

ఈ రోజు నుండి తైలం సీసా మూత తీసే ముందు ఒక్కసారి అద్దంలో నాలుక చూసుకోండి. పూత ఉంటే శొంఠి కషాయంతో, ఇసుక మూటతో ఆరంభించండి. ఆకలి పుట్టి, ఒళ్లు తేలికపడి, నాలుక శుభ్రపడిన తరువాత తైలం పట్టించండి. పూడిక తీసిన కాలువలో నీరు తానే పారుతుంది.