ఏటికొప్పాక బొమ్మ – అంతర్జాలపు అంగడి

వారమున కొకసారి జరుగు సంతలో బొమ్మలు కొనువారిని మీరు చూచియే యుందురు. ఒక తల్లి బొంగరమును చేతిలోనికి తీసికొనును. దాని బరువు చూచును. నునుపును వ్రేలితో తడవి చూచును. నేలపై త్రిప్పి చూచును. ఆ తరువాతనే వెల యడుగును. అమ్మువాడు తన సరకును గూర్చి పెద్దగా చెప్ప నక్కరలేదు. కొనువారి కన్నును చేయియు ఆ సంగతి తెలిసికొనును. సరకు మంచిదైనచో బేరము కుదురును. కానిచో బొమ్మ మరల బుట్టలోనికి పోవును.

నేడు మరియొక విధమైన బేరము వచ్చినది. కొనువారు ఒక దేశమునను, అమ్మువారు ఒక గ్రామమునను ఉందురు. ఒకరి ముఖ మొకరు చూడరు. కొనువారు సరకును తాకరు. అయినను ముందుగానే సొమ్ము చెల్లింతురు. ఇట్టి బేరము కేవలము నమ్మకముపై నడచును. చేతిపనిచేసి జీవించు చిన్న కుటుంబము ఆ నమ్మకమును ఎట్లు సంపాదించుకొనవలెను? సంపాదించినదానిని ఎట్లు నిలుపుకొనవలెను? ఏటికొప్పాక బొమ్మను ఉదాహరణముగా తీసికొని ఈ విషయమును తెలిసికొందము.

అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక యను గ్రామము కలదు. అచటి పనివారు అంకుడు కర్రతో బొమ్మలు చేయుదురు. ఈ కర్ర మెత్తనిది; ఉలికి తేలికగా లొంగును. బాగుగా ఎండిన కర్రముక్కను తరిణికి బిగించి, అది తిరుగుచుండగా ఉలితో కావలసిన రూపమునకు తెత్తురు. పిమ్మట రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి పట్టుదురు. రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కర్రను అంటుకొనును. మొగలి ఆకుతో రుద్దగా దానికి మంచి మెరుపు వచ్చును. లక్క యనునది చెట్ల కొమ్మలపై జీవించు ఒక చిన్న పురుగు స్రవించు పదార్థము. పసుపు, నీలి, జాఫ్రా గింజలు మొదలగు వానినుండి తీసిన రంగులను అందులో కలుపుదురు. ఈ ప్రకృతిసిద్ధమైన రంగుల వాడుకకై కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలనే ప్రదర్శించి, మూడవ స్థానమును పొందినది. మన బాలికలు ఆడుకొను లక్కపిడతలు ఈ పనితనమునకు చెందినవే.

అయితే కీర్తి వేరు, కూలి వేరు. బొమ్మకు ఎంత పేరు వచ్చినను, చేసినవానికి దినకూలి దక్కనిచో అతని కుమారుడు తరిణి వద్ద కూర్చుండడు. బొమ్మలు మధ్యవర్తుల చేతులు మారి పోవునప్పుడు, పట్టణపు దుకాణమున అది ఏ వెలకు అమ్ముడుపోయినదో చేసినవానికి తెలియదు. దానిని ఎవరు చేసిరో కొన్నవారికి తెలియదు. ఈ దూరమును తగ్గించుటకు అంతర్జాలము ఒక మార్గమైనది. మన దేశమున 1995 ఆగస్టు 15న ప్రజలకు అంతర్జాల సదుపాయము లభించినది. 2016లో యూ.పి.ఐ. పద్ధతి మొదలైన పిదప చేతిఫోనుద్వారా సొమ్ము పుచ్చుకొనుట చిన్న వర్తకులకు సైతము సులభమైనది.

అంతర్జాలపు అంగడి రెండు విధములు. మొదటిది పెద్ద వర్తకసంస్థల వేదికపై పెట్టుకొను అంగడి. ఇది తిరునాళ్ళలో వేసిన దుకాణము వంటిది. జనము చాలమంది వత్తురు. కాని స్థలము ఇచ్చినవారు అమ్మకములో కొంత భాగమును రుసుముగా తీసికొందురు. పైగా ప్రక్కనే అటువంటి సరకు అమ్మువారు మరి పదిమంది ఉందురు. రెండవది సొంతముగా నెలకొల్పుకొన్న అంగడి. ఇది ఇంటి అరుగుపై పెట్టిన దుకాణము వంటిది. దానికి ఖర్చు తక్కువ. కాని దారి తెలిసినవారే వత్తురు. చాలమంది ఈ రెండింటిని కలిపి నడుపుచుందురు.

ఏ అంగడి యైనను, కొనువారి చేయి బొమ్మను తాకజాలదు. కావున చేయి చేయవలసిన పనిని ఛాయాచిత్రము చేయవలెను. ఉదయకాలమున, నీడపట్టున, తెల్లని గుడ్డపై బొమ్మను ఉంచి చిత్రము తీయవలెను. ఎదుటినుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి, అడుగుభాగము కనబడునట్లు ఒకటి తీయుట మంచిది. బొమ్మ ప్రక్క ఒక రూపాయి నాణెమును గాని, దానిని పట్టుకొన్న చేతిని గాని చూపినచో పరిమాణము తెలియును. చిత్రమును మరింత అందముగా చూపుటకై రంగులను గాఢము చేయుట అపాయకరము. పసుపుతో చేసిన లేతరంగును బంగారువన్నెగా చూపినచో, పెట్టె విప్పిన నాడే కొన్నవారి మనస్సు విరిగిపోవును.

తరువాత వర్ణన. "అత్యద్భుతమైన, అపురూపమైన కళాఖండము" అని వ్రాసినచో కొనువారికి ఏమియు తెలియదు. "అంకుడు కర్రతో తరిణిపై చేసిన బొంగరము. ఎత్తు 6 సెంటీమీటర్లు. లక్కపూత. చేతితో వేసిన రంగు కనుక ఒకదానికి మరియొకదానికి స్వల్పభేదము ఉండును. నీటిలో నానబెట్టరాదు, పొడిగుడ్డతో తుడువవలెను" అని వ్రాసినచో సరకు కన్నులకు కట్టును. లోపమును దాచక చెప్పినవాని మాటయందు, అతడు చెప్పిన గుణమునకు కూడ విలువ కలుగును. చిన్నపిల్లలు నోట పెట్టుకొను బొమ్మలను గూర్చి మరింత జాగ్రత్త వలయును. 2021 జనవరి 1 నుండి మన దేశమున అమ్ము ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి యైనది. హస్తకళల అభివృద్ధి కమిషనరు వద్ద పేరు నమోదు చేసికొన్న పనివారు తాము చేసి అమ్ము బొమ్మలకు దీనినుండి మినహాయింపు కలదు. కనుక అట్టి నమోదు చేయించుకొనుట అంగడి తెరచుటకు ముందు చేయవలసిన పని.

ఇక అన్నిటికంటె కష్టమైనది వెల నిర్ణయించుట. ఒక లెక్క వేసి చూతము. ఇవి కేవలము ఉదాహరణకై తీసికొన్న అంకెలు. ఒక జత లక్కపిడతలకు కర్ర, లక్క, రంగులు కలిపి 150 రూపాయలు. ఒక దినపు కూలి 600. విద్యుత్తు, పనిముట్ల అరుగుదల 30. పెట్టె, కాగితము 50. దారిలో విరిగిన వానికి బదులు పంపుటకై 40 రూపాయలు అనుకొందము. మొత్తము 870 రూపాయలు. అంగడి వేదికవారు నూటికి 15 చొప్పున తీసికొందురని భావింతము. వెల 870 అని పెట్టినచో రుసుము 130 రూపాయల 50 పైసలు పోవును. ఈ లోటు ఎవరిపై పడును? కర్ర అమ్మినవాడు తగ్గించుకొనడు. విద్యుత్తు బిల్లు తగ్గదు. తగ్గునది కూలి యొక్కటే. 600 రూపాయల కూలి 469 రూపాయల 50 పైసలగును.

"అట్లైన 870కి నూటికి 15 చేర్చినచో సరిపోదా?" అని మీ రడుగవచ్చును. చేర్చి చూడుడు. వెల 1,000 రూపాయల 50 పైస లగును. రుసుము ఆ క్రొత్త వెలపై తీసికొందురు కనుక సుమారు 150 రూపాయలు పోవును. మిగులునది 850, ఇంకను 20 రూపాయల లోటు. వెలలో నూటికి 85 వంతులు 870 రూపాయలకు సమానము కావలెను. అనగా 870ని 85తో భాగించి 100తో గుణింపవలెను. సుమారు 1,024 రూపాయలు వచ్చును. మీరు తరగతిలో నేర్చుకొను శాతముల లెక్క ఒక కుటుంబపు కూలిని ఈ విధముగా కాపాడును.

సరకు సిద్ధమై, వెల కుదిరిన పిదప, ఆ వార్త నలుగురికి తెలియవలెను. దీనికి పెద్ద ప్రకటన లక్కరలేదు. తిరుగుచున్న కర్రపై లక్క కరగి రంగు పరచుకొను దృశ్యమును అర నిమిషము చిత్రించి చూపినచో, అది అన్ని ప్రకటనలకంటె ఎక్కువ చెప్పును. కాలము నెరుగుట కూడ అవసరము. సంక్రాంతికి, దసరాకు బొమ్మలకొలువు పెట్టు తెలుగువారు ఇతర రాష్ట్రములందును విదేశములందును కలరు. దూరదేశమునకు సరకు చేరుటకు దినములు పట్టును కనుక పండుగకు రెండు మాసములు ముందుగానే వారికి తెలియజేయవలెను. ఊరి పేరును కూడ చెప్పవలెను. భౌగోళిక సూచికల చట్టము 1999లో వచ్చినది. దానిననుసరించి ఏటికొప్పాక బొమ్మలకు 2017లో గుర్తింపు లభించినది. వేరొక చోట చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్ముట చట్టవిరుద్ధము.

అమ్మకముతో పని ముగియదు. బొమ్మను మెత్తని కాగితములో చుట్టి, భాగములు ఒకదాని నొకటి తాకకుండ సర్ది, గట్టి అట్టపెట్టెలో పెట్టవలెను. పంపుటకు ముందు ఆ పెట్టెను నడుము ఎత్తునుండి ఒకసారి నేలపై పడవేసి చూచుట మంచి పరీక్ష. లోపలి బొమ్మ చెక్కుచెదరనిచో తపాలా ప్రయాణమునకు అది తగినది. ఒకవేళ విరిగిన బొమ్మ చేరినదని ఉత్తరము వచ్చినచో, వాదింపక, వేరొకదానిని పంపవలెను. అందులకే గదా మనము లెక్కలో 40 రూపాయలు చేర్చితిమి!

ఇంతవరకు చెప్పినవి నేర్చుకొనదగిన పనులు. నేర్చుకొనుటకంటె నిలుపుకొనుట కష్టమైన సంగతి యొకటి మిగిలియున్నది. ఒక సన్నివేశమును ఊహింపుడు. తండ్రి తరిణి వద్ద పనిచేయును. తల్లి రంగులు నూరి, పెట్టెలు కట్టును. పెద్దకుమార్తె చేతిఫోనులో అంగడి చూచుకొనును. ఒకనాడు దూరపు నగరమునుండి కబురు వచ్చినది. వివాహమునకు వచ్చు అతిథులకు పంచుటకై పది దినములలో 300 కుంకుమభరిణెలు కావలెనట. ఆ యింట దినమునకు పన్నెండుకంటె ఎక్కువ తయారుకావు.

కుమార్తె ఉత్సాహముతో, "నాన్నా! బజారులో యంత్రముపై చేసిన భరిణెలు దొరకును. వానిని కొని మనవానితో కలిపి పంపుదమా? దూరమువారికి తెలియదు గదా!" అన్నది.

తండ్రి ఉలిని ప్రక్కన పెట్టి, "అమ్మా! సంతలోనైన వారే చేతపట్టి చూచుకొందురు. ఇక్కడ వారికి మన మాట తప్ప వేరు ఆధారము లేదు. ఆ మాట పోయినచో మన అంగడిలో మిగులునదేమి?" అన్నాడు.

కుమార్తె ఆలోచించి ఇట్లు వ్రాసినది: "మా చేతులకు పది దినములలో 120 మాత్రమే సాధ్యము. మిగిలినవి కావలెనన్నచో మరి పదునైదు దినములు గడువు వలయును. మా వీధిలోని ఇతర పనివారు కూడ ఇదే పని చేయుదురు. మీరు సమ్మతించినచో వారి పేర్లు తెలిపి, వారితో పంచుకొని గడువులోపల పంపగలము." కొనువారు దీనికి అంగీకరింపవచ్చును, అంగీకరింపక పోవచ్చును. అంగీకరించినచో ఒక యింటి పని నాలుగిండ్ల పని యగును. అంగీకరింపనిచో ఒక బేరము మాత్రమే పోవును. కపటముతో పంపినచో పోవునది ఆ కుటుంబపు పేరు మాత్రమే కాదు. అది గ్రామమంతటి పేరు.

బాలబాలికలారా! మీ యూరిలో బుట్టలు అల్లువారు, కుండలు చేయువారు, చాపలు నేయువారు ఉండవచ్చును. వారికి పనిముట్టు తెలిసినంతగా చేతిఫోను తెలియక పోవచ్చును. మీకు చేతిఫోను తెలిసినంతగా వారి పనితనము తెలియదు. ఒక సెలవుదినమున పెద్దల అనుమతితో వారి వద్దకు వెళ్ళి కూర్చుండుడు. ఒక వస్తువును ఎన్ని గంటలలో చేయుదురో, దేనితో చేయుదురో అడిగి వ్రాసికొనుడు. మంచి వెలుతురులో దాని చిత్రము తీయుడు. కూలి తగ్గకుండ వెల కట్టి చూపుడు. అంతర్జాలము ఒక దారి మాత్రమే. ఆ దారిని సరకు ప్రయాణము చేయును. సరకుతోబాటు చేసినవారి మాటయు ప్రయాణము చేయును. సరకు ఒకసారి అమ్ముడుపోవును. నిలిచిన మాట మరల మరల కొనువారిని తెచ్చును.