దస్తీ వేశారు... దిగిపోయారు!

వికారాబాద్ స్టేషన్లో తాండూరు వెళ్లే ప్యాసింజర్ ఆగింది. లోపల కిటకిట. ప్లాట్‌ఫాం మీదున్న ఓ పెద్దాయన కిటికీలోంచి సీటు మీద దస్తీ వేశాడు. కానీ తలుపు దగ్గర తోపులాటలో ఎక్కలేకపోయాడు. రైలు కదిలింది. దస్తీ ఉంది, మనిషి లేడు. 'ఎవరిదో' అనుకుని చుట్టుపక్కలవాళ్లు తాండూరు దాకా నిలబడే వెళ్లారు... అనుకోండి.

కంప్యూటర్లో 'మెమరీ లీక్' అంటే సరిగ్గా ఇదే! పేరు విని రహస్యాలేవో బయటికి పోతున్నాయనుకోవద్దు. ఓ ప్రోగ్రాం మెమరీలో కొంత చోటు తీసుకుని, తిరిగివ్వడం మరచిపోతుంది. మామూలు ప్రోగ్రాం అయితే దాన్ని మూసేయగానే ఆపరేటింగ్ సిస్టమ్ దస్తీలన్నీ ఎత్తేస్తుంది. ఆ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి 'కెర్నెల్'లోనే, అందులో వైఫై, కెమెరా లాంటివాటిని నడిపే 'డ్రైవర్'లోనే ఆ మతిమరుపు ఉంటే..? సాధారణంగా యంత్రాన్ని రీస్టార్ట్ చేసేదాకా ఆ చోటు ఖాళీ కాదు.

లైనక్స్ కెర్నెల్‌లోని మార్వెల్ వైఫై చిప్‌ల డ్రైవర్లో 2019లో బయటపడింది ఇలాంటిదే. దాని నంబరు సీవీఈ-2019-19057. డ్రైవర్ ముందుగా చోటు తీసుకుంటుంది. తర్వాతి మెట్టు విఫలమైతే, తీసుకున్నది వదలకుండానే వెనుదిరుగుతుంది. అచ్చం మన పెద్దాయనలా! ఎవరైనా పనిగట్టుకుని ఆ వైఫల్యం పదేపదే జరిగేలా చేస్తే మెమరీ నిండిపోయి యంత్రం మొరాయిస్తుంది. అందుకే దీన్ని భద్రతాలోపంగా లెక్కగట్టారు.

మరి మరమ్మతు? వెనుదిరిగే ముందు తీసుకున్న చోటును వదిలెయ్యమని రెండు ఆదేశాలు చేర్చారు. అంతే!

కష్టమంతా వెతకడంలోనే. అన్నీ సవ్యంగా జరిగినంతకాలం ఈ తప్పు కనపడదు. అందుకే 2009లో వచ్చిన లైనక్స్ 2.6.31లో 'కెమెమ్‌లీక్' అనే పరికరాన్ని చేర్చారు. పెట్టె పెట్టెకీ తిరిగి 'ఈ దస్తీ ఎవరిది?' అని అడిగే టీసీ లాంటిది అది. ఏ చోటును ఎవరూ తమదనకపోతే దాన్ని అనుమానితుల జాబితాలో రాస్తుంది. అది నిజంగా లీకేనా అన్నది తేల్చాల్సింది మాత్రం ప్రోగ్రామరే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లైనక్స్ కెర్నెలే. ఎక్కడో ఒకరు లోపాన్ని సరిదిద్దినంత మాత్రాన అది మన చేతిలోని ఫోన్లోకి వచ్చేసినట్టు కాదు. తయారీ సంస్థ అప్‌డేట్‌లో కలిపి పంపాలి, మనం వేసుకోవాలి. రీస్టార్ట్ చేస్తే దస్తీలు పోతాయిగానీ, మరచిపోయే అలవాటు పోదు. ఆ అలవాటు మాన్పించేది అప్‌డేటే.

ఈసారి ఆ కబురు తెర మీద కనిపించినప్పుడు 'తర్వాత' అని నొక్కేముందు, తాండూరు దాకా నిలబడ్డవాళ్లను ఓసారి తలచుకోండి!