నలుగురు వాడే బాత్రూమ్‌కి ఏ బిడెట్ బెటర్? కొనే ముందు ఇవి చూడండి

చదువు కోసం అమెరికా వెళ్లిన మనవాళ్లకి మొదటి రోజే షాక్ ఇచ్చేది బాత్రూమ్. చాలా అపార్ట్‌మెంట్లలో హెల్త్ ఫాసెట్ ఉండదు, టిష్యూ రోల్ ఒక్కటే ఉంటుంది. కొన్నాళ్లు మగ్గుతో నెట్టుకొచ్చాక, రూమ్‌మేట్స్ అందరూ తలా కొంత వేసుకుని బిడెట్ కొందాం అనుకుంటారు. మీరు కూడా అదే ప్లాన్‌లో ఉంటే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. షేర్డ్ బాత్రూమ్‌లో ఎక్కువ ఫీచర్లు ఉన్నది కాదు, ఎవరు మర్చిపోయినా ఇబ్బంది పెట్టనిదే బెస్ట్.

హ్యాండ్ స్ప్రేయర్

మనకి అలవాటైనది, ధర కూడా తక్కువ. కానీ వాడిన ప్రతిసారీ గోడ దగ్గరున్న టీ-వాల్వ్ కట్టేయాలి. లేదంటే పైపులో ప్రెజర్ అలాగే ఉండిపోయి, ఏదో ఒక రోజు పైపు గానీ స్ప్రే హెడ్ గానీ లీక్ అవ్వొచ్చు. అక్కడి బాత్రూముల్లో నేల మీద నీళ్లు పోయే దారి సాధారణంగా ఉండదు. నీళ్లు కింది ఫ్లాట్‌లోకి దిగాయంటే మీ డిపాజిట్ గోవిందా! నలుగురిలో ఒక్కరు మర్చిపోయినా చాలు.

సీటు కింద బిగించే అటాచ్‌మెంట్

కరెంట్ అక్కర్లేదు, పక్కనున్న నాబ్ తిప్పితే చాలు. వాడాక నాజిల్ లోపలికి వెళ్లిపోయే మోడల్, నాజిల్‌ని కడిగే సెల్ఫ్-క్లీన్ ఆప్షన్ ఉన్న మోడల్ తీసుకోండి. అమ్మాయిలు కూడా వాడే బాత్రూమ్ అయితే రెండు నాజిల్స్ ఉన్నది మంచిది. మైనస్ ఏంటంటే, చలికాలంలో నీళ్లు ఐసులా వస్తాయి. కొత్తవాళ్లకి నాబ్ మెల్లగా తిప్పమని ముందే చెప్పండి, లేకపోతే నీళ్లు ఎదురు గోడకి కొడతాయి!

ఎలక్ట్రిక్ సీటు

జపాన్ కంపెనీ టోటో 1980లో వాష్‌లెట్ తెచ్చాక పాపులర్ అయిన రకం ఇది. వేడి నీళ్లు, వెచ్చని సీటు, రిమోట్ లాంటివి ఉంటాయి. అయితే టాయిలెట్ పక్కనే షాక్ రక్షణ ఉన్న జీఎఫ్‌సీఐ సాకెట్ ఉండాలి. చిన్న ట్యాంక్‌లో నీళ్లు వేడి చేసే మోడల్ అయితే, పొద్దున్నే వరసగా వెళ్తే వెనకవాళ్లకి చల్లనీళ్లే. నలుగురికి అయితే ట్యాంక్‌లెస్ మోడలే కరెక్ట్. ఇంకో మాట, అమెరికా మోడల్ 120 వోల్ట్‌లకి చేసినది. ఇండియాకి తెచ్చి 230 వోల్ట్‌ల సాకెట్‌లో పెట్టకండి.

కొనే ముందు

* సీటు గుండ్రంగా ఉందా, పొడుగ్గా ఉందా చూడండి. బోల్టుల నుంచి ముందు అంచు వరకు సుమారు 16.5 అంగుళాలుంటే రౌండ్, 18.5 ఉంటే ఎలాంగేటెడ్.
* ఓనర్‌ని అడిగి బిగించండి. పాత పార్టులు దాచుకుంటే ఖాళీ చేసేటప్పుడు తిరిగి పెట్టొచ్చు.
* బిగించాక జాయింట్ల చుట్టూ టిష్యూ చుట్టి గంట తర్వాత చూడండి. తడిస్తే లీక్ ఉన్నట్టే.

మా మాట

అద్దె ఇల్లు, నలుగురు మనుషులు, తక్కువ బడ్జెట్ అయితే రెండు నాజిల్స్ ఉన్న అటాచ్‌మెంట్‌కే మా ఓటు. సాకెట్, బడ్జెట్ రెండూ ఉంటే ట్యాంక్‌లెస్ సీటుకి వెళ్లొచ్చు. ఏది కొన్నా వారానికోసారి నాజిల్ శుభ్రం చేసే వంతు ఎవరిదో ముందే రాసి తలుపుకి అంటించండి. ఆ పని చేసే ఫీచర్ మాత్రం ఏ మోడల్‌లోనూ రాదు!